ఉత్తర్వుకూ ఊరికీ మధ్య: ఆచార్య జి. రాంరెడ్డి బోధన, పరిశోధన

దరఖాస్తు, మంజూరు, హాజరు, ఖజానా, జిల్లా, తహసీలు, పట్టా, రసీదు - ఈ మాటలలో తెలుగువారికి అర్థం కానిది ఒక్కటీ లేదు. ఉర్దూ మాట్లాడేవారికి ఇవి ఇంటి మాటలే. మన కళాశాలలో ఉర్దూ విభాగపు విద్యార్థి, తెలుగు విభాగపు విద్యార్థి సాహిత్య పాఠానికి వేరువేరు గదులలో కూర్చుంటారు గాని, ప్రభుత్వ కార్యాలయపు కిటికీ ముందు నిలబడినప్పుడు ఇద్దరి భాషా ఒక్కటే. ఆ కిటికీకి అవతల ఏమి జరుగుతున్నది, ఎందుకు జరుగుతున్నది, ఎందుకు జరుగుట లేదు అని విచారించే శాస్త్రమే ప్రభుత్వ పాలనాశాస్త్రం. ఆ శాస్త్రానికి మన ప్రాంతంలో గౌరవ స్థానం సంపాదించి పెట్టిన ఆచార్య గడ్డం రాంరెడ్డి గారి కృషిని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందుగా ఒక చిన్న అనుభవం చెప్పుకుందాము. గత సంవత్సరం మా తరగతిలోని కొందరు ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఎవరు అర్హులో, ఏయే పత్రాలు జతపరచవలెనో ప్రభుత్వపు ఉత్తర్వులో స్పష్టంగానే ఉన్నది. అయినప్పటికీ ఒక ఆదాయ ధ్రువపత్రం కోసం మా సహాధ్యాయిని ఒకరు ఒకే కార్యాలయానికి ఐదు మార్లు తిరగవలసి వచ్చింది. ఒకనాడు సంతకం చేయవలసినవారు లేరు. ఒకనాడు రేషను కార్డులో తండ్రిగారి పేరు ఒక విధంగాను, ఆధారు కార్డులో మరొక విధంగాను ఉన్నదన్నారు. ఉర్దూ పేరును తెలుగులో ఒకరు, ఇంగ్లీషులో మరొకరు తమకు తోచినట్లు రాసిన ఫలితం అది. గడువుకు రెండు రోజుల ముందు పత్రం చేతికి వచ్చింది. ఆమె తండ్రి దినసరి కూలి. కూతురికి తోడుగా ఐదు మార్లు వచ్చినందుకు ఐదు రోజుల కూలి పోయింది.

ఇందులో ఎవరూ చట్టాన్ని మీరలేదు. ఎవరూ లంచం అడగలేదు. ఉత్తర్వు మంచిదే, ఉద్దేశ్యమూ మంచిదే. అయినా ఆ ఉత్తర్వు ఒక పేద కుటుంబాన్ని చేరేసరికి ఐదు రోజుల కూలిని తినివేసింది. ఉత్తర్వుకూ, అది అందవలసిన మనిషికీ నడుమ ఉండే ఈ దూరాన్నే రాంరెడ్డి గారు తమ పరిశోధనలో కొలిచారు. తరువాతి కాలంలో ఉన్నత విద్య విషయంలో ఆ దూరాన్ని తగ్గించడానికి పూనుకున్నారు. ఆయన జీవితంలోని ఈ రెండు భాగాలను విడివిడిగా చెప్పుకోవడం పరిపాటి. అవి రెండూ ఒకే ఆలోచనకు రెండు కొమ్మలని మా అభిప్రాయం.

శాస్త్రం పుట్టుక

పాలన మనిషికి కొత్త కాదు. కాని దానిని విశ్వవిద్యాలయంలో ఒక ప్రత్యేక శాస్త్రంగా చదవడం ఇటీవలి విషయమే. 1887లో అమెరికాలో వుడ్రో విల్సన్ అనే ఆచార్యుడు పాలనను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. ఆయనే తరువాత ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. రాజ్యాంగాన్ని రచించడం కంటె దానిని నడపడం కష్టతరమవుతున్నదనీ, అందువల్ల నడిపే పద్ధతిని ప్రత్యేకంగా అధ్యయనం చేయాలనీ ఆ వ్యాసపు సారాంశం. శాస్త్ర చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఆ వ్యాసంతోనే మొదలు పెడతారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన దేశంలో ఈ శాస్త్రానికి అవసరం పెరిగింది. శాంతిభద్రతలు కాపాడటం, శిస్తు వసూలు చేయడం అనే రెండు పనులకై బ్రిటిష్ ప్రభుత్వమూ, సంస్థానాలూ ఏర్పరచిన యంత్రాంగంతోనే రోడ్లు, బడులు, వైద్యం, వ్యవసాయాభివృద్ధి జరిపించవలసి వచ్చింది. అమెరికన్ నిపుణుడు పాల్ ఆపిల్‌బీ 1953లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలోని సూచనను అనుసరించి 1954లో ఢిల్లీలో భారత ప్రభుత్వ పాలనా సంస్థ ఏర్పడింది. విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక శాఖలు ఒక్కొక్కటిగా వెలిశాయి. 1987లో సివిల్ సర్వీసు పరీక్షలో ఇది పూర్తి ఐచ్ఛికాంశం అయిన తరువాత విద్యార్థులలో దీనికి ఆదరణ మరింత పెరిగింది.

హైదరాబాదుకు ఈ శాస్త్రంతో మరింత సన్నిహితమైన సంబంధం ఉన్నది. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతిని తొలగించి, రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించి, జీతంపై పనిచేసే ఉద్యోగులను నియమించాడు. మనం పైన చెప్పుకున్న మాటలలో చాలా వరకు ఆ కచేరీల నుండి పల్లెలకు నడిచి వచ్చినవే. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య బోధించింది. అందుకు కావలసిన పుస్తకాలను తర్జుమా చేయడానికి అంతకు ముందే ఒక అనువాద సంస్థను నెలకొల్పారు. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమేనని ఆ ప్రయోగం చాటింది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాము. వ్యాసం చివరలో మళ్ళీ దీని అవసరం కలుగుతుంది.

పల్లెనే పాఠ్యగ్రంథంగా చదివిన ఆచార్యుడు

రాంరెడ్డి గారు 1929లో కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లెలో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనాశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. 1977 నుండి 1982 వరకు అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు.

ఆయన పరిశోధన ప్రారంభించిన కాలంలో దేశమంతటా చర్చ పంచాయతీరాజ్ వ్యవస్థను గురించే. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకం మొదలయింది. డబ్బు ఖర్చయింది, గ్రామసేవకులు ఊళ్ళకు వెళ్ళారు, కాని ప్రజలు దానిని తమ పనిగా భావించలేదు. ఈ లోపాన్ని పరిశీలించడానికి 1957లో ఏర్పడిన బల్వంతరాయ్ మెహతా సంఘం, ఎన్నికైన స్థానిక సంస్థలకు అధికారం అప్పగించనిదే ప్రజలలో చొరవ కలుగదని తేల్చింది. గ్రామ పంచాయతి, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు అనే మూడు అంచెల ఏర్పాటును సిఫారసు చేసింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ప్రధాని నెహ్రూ దీనిని ప్రారంభించారు. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ కూడా దీనిని అమలు చేసింది. దేశంలో ముందుగా ఈ బాట పట్టిన రాష్ట్రాలలో మనది ఒకటి.

అప్పటి పాఠ్యగ్రంథాలు ఎక్కువగా ఇంగ్లండు, అమెరికా దేశాల పాలనను వర్ణించేవి. సమితి అధ్యక్షునికీ, బ్లాకు అభివృద్ధి అధికారికీ మధ్య ఎలాంటి సంబంధం ఉన్నదో తెలుసుకోవాలంటే ఆ పుస్తకాలలో సమాధానం దొరకదు. సమితి కార్యాలయానికే వెళ్ళాలి. రాంరెడ్డి గారు, వారి సహాధ్యాపకులు ఆ పని చేశారు. కె. శేషాద్రి గారితో కలసి ఆయన వరంగల్ జిల్లా పంచాయతీ ఎన్నికలలో ఓటరు ప్రవర్తనను పరిశీలించి 1972లో గ్రంథం వెలువరించారు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్, గ్రామాభివృద్ధి అనే విషయంపై ఆయన రాసిన గ్రంథాన్ని 1974లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఢిల్లీని గురించి, రాష్ట్ర రాజధానిని గురించి మాత్రమే రాస్తే పండితుడనిపించుకునే రోజులలో, ఒక జిల్లాలోని పంచాయతీ ఓటరు కూడా పరిశోధనకు అర్హుడేనని ఈ గ్రంథాలు నిరూపించాయి.

1977లో ఆయన సంపాదకత్వంలో 'ప్యాటర్న్స్ ఆఫ్ పంచాయతీ రాజ్ ఇన్ ఇండియా' అనే సంకలనం వెలువడింది. వివిధ రాష్ట్రాల పంచాయతీ వ్యవస్థలను పక్కపక్కన పెట్టి చూపే గ్రంథమిది. పేరు ఒక్కటే అయినా వస్తువు ఒక్కటి కాదని ఇలా పోల్చి చూసినప్పుడే బోధపడుతుంది. రాజస్థాన్‌లో పంచాయతీ సమితిదే ముఖ్యమైన అధికారం. మహారాష్ట్రలో 1962 నుండి జిల్లా పరిషత్తే బలమైన అంచె. అక్కడ కలెక్టరును పరిషత్తుకు వెలుపలనే ఉంచి, పరిషత్తు పనులకు వేరొక ముఖ్య కార్యనిర్వాహకాధికారిని నియమించారు. మన రాష్ట్రంలో అప్పట్లో అందుకు భిన్నంగా కలెక్టరు జిల్లా పరిషత్తులో సభ్యుడే కాక, దాని స్థాయీ సంఘాలన్నింటికీ అధ్యక్షుడుగా కూడా ఉండేవాడు.

ఇది కేవలం చట్టంలోని చిన్న వివరమని కొట్టివేయరాదు. ఎన్నికైన ప్రతినిధులు కూర్చున్న సంఘంలో ప్రభుత్వోద్యోగి అధ్యక్ష స్థానంలో ఉంటే, చివరి మాట ఎవరిదవుతుంది? కలెక్టరు అనుభవజ్ఞుడు, స్థానిక వర్గాలకు అతీతుడు, కనుక మేలే జరుగుతుందని ఒక వాదం. ప్రజలు నేర్చుకోవలసిన పనిని వారి చేతి నుండి తీసుకొని మరొకరు చేస్తే ప్రజలు ఎన్నటికీ నేర్చుకోరని మరొక వాదం. రెండింటిలోను కొంత సత్యం ఉన్నది. పాలనాశాస్త్రం బోధించేవారు విద్యార్థి ముందు ఉంచవలసినవి ఇటువంటి ప్రశ్నలే. నిర్వచనాలు కంఠస్థం చేసినంత మాత్రాన వీటికి జవాబు రాదు.

అందినది ఎవరికి?

ఈ సందర్భంలో మరొక పండితుని మాట చెప్పుకోవాలి. థాయిలాండు, ఫిలిప్పీన్స్ దేశాలను పరిశీలించిన ఫ్రెడ్ రిగ్స్ అనే అమెరికన్ ఆచార్యుడు 1964లో అభివృద్ధి చెందుతున్న దేశాల పాలనను గురించి ఒక ప్రసిద్ధ గ్రంథం రాశాడు. తెల్లని వెలుగు గాజు పట్టకంలో ప్రవేశించి, ఏడు రంగులుగా విడిపోయి బయటికి వస్తుంది. పాత సమాజంలో కుటుంబం, కులం, మతం, పాలన అన్నీ ఒకే వెలుగులా కలిసి ఉంటాయి. కొత్త సమాజంలో దేనిది దానికి విడివడుతుంది. మన వంటి సమాజాలు పట్టకపు లోపలి భాగంలో ఉన్నాయని, అక్కడ కాగితం మీది నియమం ఒకటి, ఆచరణ మరొకటిగా ఉంటుందని రిగ్స్ సిద్ధాంతం. కార్యాలయం ఆధునికంగానే కనిపిస్తుంది. బల్లలు, దస్త్రాలు, ముద్రలు అన్నీ ఉంటాయి. పని మాత్రం పరిచయాన్ని బట్టి, పలుకుబడిని బట్టి నడుస్తుంది.

మన ప్రాంతపు అనుభవం ఈ మాటకు దూరంగా లేదు. చట్టం ప్రకారం పంచాయతీ పదవికి ఎవరైనా పోటీ చేయవచ్చు. కాని తెలంగాణలో పటేలు, పట్వారీ, ఆంధ్ర ప్రాంతంలో కరణం, మునసబు వంటి వంశపారంపర్యపు గ్రామోద్యోగాలు 1984లో రద్దయ్యే వరకు కొనసాగాయి. భూమి లెక్క ఎవరి చేతిలో ఉన్నదో ఊరు కూడా వారి చేతిలోనే ఉండేది. భూమి, కులం, అధికారం ఒకచోట చేరినప్పుడు సమితి ద్వారా వచ్చే అప్పు, ఎరువు, బావి ముందుగా ఎవరి పొలానికి చేరుతాయో ఊహించుట కష్టం కాదు. పైగా ఎన్నికలు కూడా సకాలంలో జరుగలేదు. 1970లో పంచాయతీ ఎన్నికలు జరిగిన తరువాత మళ్ళీ 1981 వరకు జరుగలేదు.

రాంరెడ్డి గారు ఈ విషయాన్ని మరింత లోతుగా పరిశీలించి 1989లో ప్రచురితమైన ఒక దీర్ఘ వ్యాసంలో ఆంధ్రప్రదేశ్ రాజకీయాలకు ఒక వివరణ ఇచ్చారు. ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్, ఎం.ఎస్.ఎ. రావు గార్ల సంపాదకత్వంలో వచ్చిన సంపుటిలో ఆ వ్యాసం ఉన్నది. భూమి, సంఖ్య, సంఘటన గల కులాలు ఇతర వర్గాల నుండి ఎదిగివచ్చే నాయకులకు కొంత చోటు కల్పిస్తూ, బలహీన వర్గాలకు కొన్ని సంక్షేమ పథకాలు ఇస్తూ, మొత్తం మీద తమ ఆధిక్యాన్ని నిలుపుకున్న విధానాన్ని ఆయన ఇముడ్చుకొనే రాజకీయంగా వర్ణించారు. తాము కూడా గ్రామీణ వ్యవసాయ వర్గం నుండే వచ్చినప్పటికీ, ఆ వర్గపు ఆధిక్యాన్ని పండితునిగా నిర్మొహమాటంగా విశ్లేషించారు. పరిశోధకునికి ఉండవలసిన నిజాయితీకి ఇది నిదర్శనం.

తరువాతి కాలంలో చట్టాలు మారాయి. 1986లో మన రాష్ట్రంలో సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చి, కార్యాలయం ప్రజలకు కొంత దగ్గరయింది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అయిదేండ్లకొకసారి పంచాయతీ ఎన్నికలు జరుపుటను విధిగా నిర్ణయించింది. స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకుండా, షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభా నిష్పత్తిలో స్థానాలు కేటాయించింది. నాటి క్షేత్ర పరిశోధనలు ఎత్తి చూపిన లోపాలకు ఈ సవరణలో కొంత సమాధానం ఉన్నదని చెప్పవచ్చు. అయితే స్థానం దక్కుట వేరు, అధికారం దక్కుట వేరు. సర్పంచి కుర్చీలో భార్య పేరు, సంతకం వెనుక భర్త మాట అనే స్థితి ఇంకా పూర్తిగా పోలేదని మనందరికీ తెలిసినదే.

గోడలు లేని విశ్వవిద్యాలయం

ఇంతవరకు చెప్పినది పరిశోధన. పండితులలో చాలామంది ఇక్కడితో ఆగుతారు. రాంరెడ్డి గారికి తమ శాస్త్రాన్ని స్వయంగా ఆచరణలో పెట్టే అవకాశం 1982లో వచ్చింది. ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించి, ఆయనను తొలి ఉపకులపతిగా నియమించింది. దేశంలో ఇటువంటి విశ్వవిద్యాలయాలలో ఇదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

తపాలా ద్వారా పాఠాలు పంపే పద్ధతి అంతకు ముందే ఉన్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే దానిని ప్రారంభించింది. సార్వత్రిక విశ్వవిద్యాలయం దానికంటె భిన్నమైనది. ఇంగ్లండులో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ దీనికి మార్గదర్శి. దూరం నుండి చదివేవారి కోసమే ప్రత్యేకంగా పాఠాలు రాయించడం, చదువరి తనంతట తాను అర్థం చేసుకొనే విధంగా వాటిని విభజించడం, మధ్య మధ్య ప్రశ్నలు ఇవ్వడం, రేడియో పాఠాలు వినిపించడం, ఊరూరా ఉన్న కళాశాలలలోనే అధ్యయన కేంద్రాలు తెరిచి సెలవు దినాలలో అధ్యాపకులతో సందేహాలు తీర్పించడం ఇందులోని పద్ధతులు. అన్నింటికంటె ముఖ్యమైనది ప్రవేశ నియమం. ఇంటరు పాసు కానివారు, బడి మధ్యలో మానివేసినవారు కూడా అర్హత పరీక్షలో నెగ్గితే డిగ్రీలో చేరే వీలు కల్పించారు.

పాలనాశాస్త్ర దృష్టితో చూస్తే ఇందులోని విశేషం తేటపడుతుంది. కొత్త భవనాలు కట్టలేదు, ఉన్న కళాశాలల గదులనే ఖాళీ వేళలలో వాడుకున్నారు. ప్రతి ఊరికీ ఆచార్యుని పంపలేదు, ఆచార్యుని పాఠాన్ని అచ్చు వేసి పంపారు. పనిచేసుకొనే మనిషిని చదువు కోసం పని మానుకోమనలేదు, చదువునే అతని తీరిక వేళకు జరిపారు. ఐదు రోజుల కూలి పోగొట్టుకున్న తండ్రి విషయం పైన చెప్పాము. కూలి పోకుండా, ఉద్యోగం మానకుండా, ఇల్లు విడువకుండా అందే సేవ ఎట్లుండవలెనో ఈ ఏర్పాటు చూపింది. కండక్టర్లు, గుమాస్తాలు, పోలీసు జవానులు, పెళ్ళయి చదువు ఆగిపోయిన గృహిణులు పట్టభద్రులయ్యే మార్గం దీనివల్ల ఏర్పడింది.

ఇక్కడ భాష ప్రశ్న వస్తుంది. ఇంగ్లీషులో మాత్రమే పాఠాలు ఉంటే తలుపు తెరిచినా గడప ఎత్తుగానే ఉన్నట్లు. తెలుగులో పాఠాలు రాయించడం వల్లనే ఈ విద్య పల్లెలకు వెళ్ళింది. ఉస్మానియా ఒకప్పుడు ఉర్దూలో నిరూపించిన సత్యమే ఇది. ఈ రెండు బాటలు 1998లో హైదరాబాదులోనే కలిశాయి. ఆ సంవత్సరం ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తన పనిని దూరవిద్యతోనే ప్రారంభించి, తరువాత తరగతి గదులకు విస్తరించింది. మన ఉర్దూ విభాగం నుండి వెళ్ళే విద్యార్థికి పై చదువుకు ఈనాడు ఇంటి దగ్గరనే ఒక ద్వారం ఉన్నదంటే, దాని వెనుక ఈ చరిత్ర అంతా ఉన్నది.

1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి కూడా తొలి ఉపకులపతి రాంరెడ్డి గారే. రాష్ట్రంలో చేసిన ప్రయోగాన్ని దేశానికి అన్వయించే బాధ్యత అది. ఆ విశ్వవిద్యాలయానికి చట్టం రెండు పనులు అప్పగించింది. స్వయంగా బోధించడం ఒకటి, దేశంలోని దూరవిద్య అంతటినీ సమన్వయపరచి దాని ప్రమాణాలు కాపాడటం మరొకటి. సార్వత్రిక విశ్వవిద్యాలయాలపై 1988లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన గ్రంథానికి దంతపు మేడల తలుపులు తెరుచుకున్నాయన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరే ఆయన ఆశయాన్ని చెబుతుంది.

1991 నుండి 1995 వరకు ఆయన విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. కళాశాలల నాణ్యతను పరీక్షించే న్యాక్ అనే మండలి ఆ కాలంలోనే, 1994లో, బెంగుళూరులో ఏర్పడింది. న్యాక్ బృందం వస్తున్నదంటే దస్త్రాలు సర్దుకొనే హడావుడి ప్రతి కళాశాలకూ అనుభవమే. తలుపులు తెరిచినంత మాత్రాన చాలదు, లోపల అందే చదువు నాణ్యమైనదా అని కూడా అడగాలన్నదే అటువంటి మండలికి మూలమైన ఆలోచన. 1995లో భారత ఉన్నత విద్యపై ఆయన గ్రంథం వెలువడింది. ఆ సంవత్సరంలోనే ఆయన పరమపదించారు. ఉస్మానియాలోని దూరవిద్యా కేంద్రం ఈనాడు ఆయన పేరు మీదనే నడుస్తున్నది.

మిగిలిన దూరం

ఇంత చెప్పినందువల్ల ఆ దూరం పూర్తిగా తొలగిపోయిందని మా భావం కాదు. దూరవిద్యలో చేరినవారిలో మధ్యలో మానివేసేవారి సంఖ్య తరగతి విద్య కంటె సాధారణంగా ఎక్కువ. పాఠం ఆలస్యంగా చేరినా, సందేహం తీర్చేవారు లేకపోయినా ఒంటరి చదువరి నిరాశ పడతాడు. దూరవిద్య పట్టాను చిన్నచూపు చూసేవారు కూడా లేకపోలేదు. పంచాయతీల సంగతి కూడా అంతే. బాధ్యతలు అప్పగించి నిధులు ఇవ్వకపోతే అధికారం కాగితం మీదనే మిగులుతుంది. సంస్థను స్థాపించుట ఒక్క తరం పని. దానిని సరిగా నడుపుట ప్రతి తరం పని.

ఆ పనిలో మన పాలు ఏమిటి? విద్యార్థి మిత్రులకు రెండు మాటలు. పాలనాశాస్త్రాన్ని పరీక్ష కోసమే చదవవద్దు. మీ వీధిలోని పది ఇండ్లకు వెళ్ళి, రేషను, పింఛను, ఉపకార వేతనం ఎవరికి అందినవి, ఎవరికి అందలేదు, ఎందుకు అందలేదు అని అడిగి రాసుకోండి. వరంగల్ జిల్లా ఓటర్లపై వచ్చిన గ్రంథం కూడా ప్రజల దగ్గరకు వెళ్ళి తెలుసుకున్న సంగతులతోనే తయారయింది. రెండవది, 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టాన్ని చదవండి. పది రూపాయల రుసుముతో అడిగిన ప్రశ్నకు 30 రోజులలో జవాబివ్వవలసిన బాధ్యతను అది కార్యాలయాలపై ఉంచింది. దయగా అడుక్కొనే దానికీ, హక్కుగా అడిగే దానికీ గల భేదాన్ని మన తల్లిదండ్రులకు చెప్పవలసినవారము మనమే.

కళాశాల సంఘం పెద్దలకు వినయపూర్వకంగా ఒక విన్నపం. ప్రతి సంవత్సరం దరఖాస్తుల కాలంలో ఒక నెలపాటు, ఒక అధ్యాపకుడు, ఉర్దూ తెలిసిన విద్యార్థి ఒకరు, తెలుగు తెలిసిన విద్యార్థి ఒకరు కూర్చునే చిన్న సహాయ కేంద్రాన్ని ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాము. పేర్ల అక్షరక్రమం సరిచూడటం, ఏ పత్రం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం, ఇచ్చిన దరఖాస్తుకు రసీదు తీసుకోమనడం - దాని పని ఇంతే. ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగినదో ఒక రిజిస్టరులో రాసి ఉంచితే, రెండు మూడు సంవత్సరాలలో ఆ రిజిస్టరే ఒక పరిశోధనకు ఆధారమవుతుంది. దీనికి అయ్యే వ్యయం ఒక బల్ల, మూడు కుర్చీలు.

ఆ పనికి మా తరగతి నుండి ఇప్పటికే నలుగురు పేర్లు ఇచ్చారు. వారిలో మొదటి పేరు, నిరుడు ఒక ధ్రువపత్రం కోసం ఐదు మార్లు తిరిగిన మా సహాధ్యాయినిదే.